కళ్లంలో చెప్పులు

"చెప్పులిడిసి రా, ఇంద్రాణీ! కళ్లంలోకి చెప్పులతో వస్తారా యాడన్నా?"

అత్త తిప్పమ్మ కసిరినా ఇంద్రాణి ఆగలేదు. పొద్దున్నుంచి గాలి పడిపోయింది. శెనక్కాయలు తూర్పారపట్టాలంటే కరెంటు ఫ్యానే దిక్కు. రబ్బరు చెప్పులతోనే వచ్చి, ఇంట్లో నుంచి ఫ్యాను దాకా వైరు పరిచింది.

"రాశికాడ లక్ష్మి ఉంటాది. నా కొడుకు ఏపొద్దన్నా ఇట్ల తొక్కినాడా?"

"పోయినేడు చెప్పులేసుకొనే వచ్చినాడత్తా. నువ్వు అరిస్తే బయటనే ఇడిసి, తడినేల మీద నిలబడి ఫ్యాను పట్టుకున్యాడు."

"కరెంటు కొట్టి సచ్చిపాయ. వాని రాత! దానికి చెప్పులేం జేస్తాయి?"

ఇంద్రాణి ఫ్యాను మీది చెయ్యి తీసింది.

"కాళ్లకు రబ్బరు చెప్పులుంటే బతికేటోడని లైన్‌మాన్ ఆ పొద్దే చెప్పినాడు. నువ్వు తట్టుకోలేవని నేనే నీకు చెప్పలేదు."

తిప్పమ్మ ఇంటి దగ్గరికి నడిచింది. చూరులో దోపి ఉన్న కొడుకు చెప్పులు తీసి, దుమ్ము దులిపి, కాళ్లకు తొడుక్కుంది. అవి ఆమెకు మరీ పెద్దవి. ఈడ్చుకుంటూ కళ్లంలోకి వచ్చింది.

"నువ్వు పక్కకు జరుగు," అంది. "ఫ్యాను నేను పట్టుకుంటా."