నాలుగో అంతస్తు ఓటు

లిఫ్టు ఇవాళ కూడా కదల్లేదు.

"మొన్నటి కాగితమే మేడమ్. బాగుచేసే మాట దేవుడెరుగు, దాన్నైనా మార్చలేదు," అన్నాడు కానిస్టేబుల్, లిఫ్టు తలుపు మీద అంటించిన చీటీని చూసి.

టీచరమ్మ మెట్లకేసి చూసి నిట్టూర్చింది.

కదల్లేని వాళ్ల ఇళ్లకు పోయి ఓటు వేయించుకొచ్చే డ్యూటీ ఆవిడది. ఇవాళ్టికిదే ఆఖరి ఇల్లు. మోకాళ్లు పొద్దుటి నుంచీ గొణుగుతూనే ఉన్నాయి.

మొన్నా ఇలాగే ఎక్కారు. తలుపు కొట్టారు. ఎవరూ తీయలేదు.

"ఒక్క ఓటు కోసం ఈ మోకాళ్లు అరగదీసుకోవాలా? మళ్లీ ఎలా ఎక్కేదిరా దేవుడా!" అని ఆ గుమ్మం ముందే వాపోయి దిగిపోయింది.

రెండుసార్లే వస్తారు. రెండోసారీ మనిషి దొరక్కపోతే ఆ ఓటు పోయినట్టే. ఇంటి దగ్గర వేస్తానని రాసిచ్చిన వాళ్లకు పోలింగ్ కేంద్రంలో వేసే వీలుండదు.

రెండో అంతస్తు మలుపులో ఒక ముసలాయన మెట్లకు అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

చొక్కా గుండీలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. బట్టల నిండా దుమ్ము. మూతి చివర చొంగ. పక్కన సీసా.

"ఏం పెద్దాయనా, పట్టపగలే పడిందా?" అన్నాడు కానిస్టేబుల్.

ముసలాయన మొహం వెలిగింది. "మ్... మ్మా... ఓ..." మాట ముద్దయి నోట్లోనే ఉండిపోయింది.

ఎడంచేయి చాచి టీచరమ్మ సంచి పట్టుకున్నాడు.

"అబ్బ, దారివ్వవయ్యా! అసలే ప్రాణం పోతోంటే!" ఆవిడ సంచి లాగేసుకుంది.

కానిస్టేబుల్ ఆయన్ను చంకల కింద పట్టి గోడ వారకు జరిపాడు. సీసా దొర్లుకుంటూ కిందికి పోయింది.

పై మలుపు నుంచి తిరిగి చూస్తే, ఆ చేయి ఇంకా గాల్లోనే ఉంది.

"మీకు సెల్యూట్ కొడుతున్నాడు మేడమ్."

నవ్వే ఓపిక కూడా లేదావిడకు.

నాలుగో అంతస్తులో ఆ తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. ఎదురింటికి తాళం.

"చూశారా! నడవలేడని మనం కాళ్లీడ్చుకుంటూ వస్తే, ఆయన షికారుకు పోయాడు," అన్నాడు కానిస్టేబుల్.

టీచరమ్మ ఫోను తీసి, 'లేరు' అన్న చోట నొక్కి పంపేసింది.

"అంతేనా మేడమ్?"

"అంతే. ఇక వెనక్కి తీసుకోవడం నా చేతుల్లో లేదు." మళ్లీ ఎక్కే పని లేదనుకుంటే, ప్రాణం కాస్త తెరిపిన పడింది.

అంతలో ఒకావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో పాల ప్యాకెట్టు, ఒక చేతిలో ఆ సీసా.

"ఓటు వాళ్లేనా? నాది ఈ ఎదురిల్లే. అదేంటండీ, బాబాయిని దాటుకుని పైకొచ్చేశారు? పాలకని నేనిట్లా పోయొచ్చేలోపు..."

"ఏ బాబాయి?"

"అదుగో, ఆ మెట్ల మీదాయన. పక్షవాతమొచ్చి మాట ముద్దయిపోయింది. నాకైతే ఆ మాట అలవాటే అనుకోండి. మొన్న మీరు కొడితే, పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి మీరు దిగిపోయారంట."

టీచరమ్మ చేతిలో ఫోను చల్లగా తగిలింది.

"మరి ఇవాళ... ఇంట్లో ఉంటే సరిపోయేదిగా. కిందకెందుకు దిగాడు?"

ఎదురింటావిడ చెంగుతో నీళ్ల సీసా తుడుస్తూ అంది:

"నేనూ అట్లాగే కోప్పడ్డానండీ, వింటేనా? తలుపు బయట ఎవరో అమ్మ మోకాళ్ల నొప్పులని బాధపడిందట, ఆ తల్లిని మళ్లీ ఇన్ని మెట్లు ఎక్కించకూడదని, తెల్లారకముందే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాడు."