మండని సబ్బు

వరండా అరలో ఆరబెట్టిన సబ్బుల్లో మళ్ళీ ఒకటి తగ్గింది.

హెప్సిబా గేటు వైపు చూసింది. గల్లీ చివర పూలమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకున్న సమ్మమ్మ, కొంగు చాటున ఏదో దాచుకుని పోతోంది.

"ఆగు. ఏంది గది?"

సమ్మమ్మ ఆగి, కొంగులోంచి సబ్బు తీసి చూపించింది. "తీసిన అక్కా."

"అడిగితే ఇయ్యనా?"

"పాపకు ఇంకా పెట్టలే గదా?"

దొంగతనం చేసిందే కాక ఎదురు ప్రశ్న. హెప్సిబాకు చిర్రెత్తుకొచ్చింది.

అవి అమ్మే సబ్బులు కావు. రాహేలు కోసం చేసినవి.

రాహేలును పసిగుడ్డుగా ఉన్నప్పుడే శిశుగృహం నుంచి తెచ్చుకున్నారు హెప్సిబా, దావీదు. అప్పటికే పిల్ల ఒంటి మీద చేప పొలుసుల్లాంటి చర్మం. చలికాలం వస్తే పగిలి నెత్తురు కారేది. బజారు సబ్బు ఏది రుద్దినా ఏడుపే. బడిలో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. డాక్టరు రాసిన మందులు రాస్తూనే, పిల్ల ఏడవకుండా ఒక్క స్నానం చేస్తే చాలనుకుంది హెప్సిబా.

ఫోన్లో వీడియోలు చూసి, పొయ్యి వెలిగించకుండా చేసే సబ్బు నేర్చుకుంది. కాస్టిక్ సోడా నీళ్ళు నూనెలో పోసి, చిక్కబడేదాకా కలిపి, అచ్చుల్లో పోసి, ముక్కలు కోసి ఆరబెట్టాలి. వారాల తరబడి ఆరితేగాని అందులో ఘాటు చావదు. పిల్ల రాత్రీ పగలూ గోక్కుంటుంటే అన్ని వారాలు చూస్తూ కూర్చునే ఓపిక ఏ తల్లికి ఉంటుంది?

మర్నాడు సమ్మమ్మ మళ్ళీ వచ్చింది.

"ఇది మండుతాంది అక్కా. పాపకు పెట్టకు."

"మిర్చి యార్డుల పనిజేసే ఒళ్ళు నీది. నీకు ఏది రుద్దినా మండుతది."

సమ్మమ్మ కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా, కాళ్ళకు పాత మేజోళ్ళు ఆమెకు ఎప్పుడూ ఉండేవి. మిరప ఘాటుకు కాబోలు అని గల్లీ అంతా అనుకునేవారు.

ఆ సాయంత్రమే హెప్సిబా పంతం కొద్దీ అదే సబ్బు రాహేలు కాళ్ళకు రుద్దింది.

పిల్ల కేకలు గల్లీ చివరిదాకా వినిపించాయి. అందరికన్నా ముందు సమ్మమ్మ ఉరికొచ్చింది. చెంబు లాక్కుని, ఆ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉంది.

"నీ దిష్టే తగిలింది నా బిడ్డకు. ఇంకోసారి మా గేటు లోపలికి రాకు."

ఆదివారం తప్పకుండా చర్చికి పోయే హెప్సిబా నోట దిష్టి మాట వచ్చింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలుసు గనుకనే గొంతు అంత లేచింది.

సమ్మమ్మ మళ్ళీ గేటు దాటలేదు. బయటే నిలబడేది.

"కొత్తది జేసినప్పుడు ఒక్క ముక్క ఇటు ఇసిరెయ్యి అక్కా. రుద్దుకోని చెప్త."

పీడ వదిలితే చాలని హెప్సిబా ఒక ముక్క విసిరేది.

"మండుతాంది అక్కా."

కొన్నాళ్ళకు, "జర నయం."

ఆమె చెప్పిందని కాదు అనుకుంటూనే హెప్సిబా కాస్టిక్ తగ్గించింది. మేకపాలు కలిపింది. ఈసారి బాగా ఆరనిచ్చింది.

ఒక పొద్దున సమ్మమ్మ కుంటుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. ముఖం జ్వరంతో కాలిపోతోంది. అయినా నవ్వుతోంది.

"సల్లగున్నది అక్కా. ఇగ పెట్టు."

ఆ రోజు రాహేలు ఏడవలేదు. నురగతో ఆడుకుంది. ఇంకో చెంబు పోయమంది. హెప్సిబా సంతోషం పట్టలేక స్నానాలగదిలోనే కూర్చుని ఏడ్చింది. సమ్మమ్మకు ఒక మాట చెప్పాలనుకుంది. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

తెల్లారి పూలమ్మ వచ్చింది.

"సమ్మమ్మ పోయింది బిడ్డా. కాళ్ళ పుండ్లు చీము వట్టి జరం ముదిరింది. దవాఖానకు పోదామంటే ఇనకపాయె. ఆమెకెవ్వరు లేరు. మనమే నీళ్ళు పొయ్యాలె."

హెప్సిబా కొత్త సబ్బు తీసుకుని వెళ్ళింది. గుమ్మం బయట దావీదు మిగతా మగవాళ్ళతో నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళు సమ్మమ్మ చొక్కా విప్పారు. మేజోళ్ళు తీశారు.

హెప్సిబా చెయ్యి ఆగిపోయింది.

మోకాళ్ళ దాకా పొలుసులు. వాటి మధ్య, కాస్టిక్ కాల్చిన మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"పుట్టినసంది గిదే తోలట," అంది పూలమ్మ నీళ్ళు పోస్తూ. "ఒక్క బిడ్డ పుడితే దానికి గూడ గిట్లనే ఉండెనట. ఈమెకు సోయి లేనప్పుడు, మొగడు ఆ పసిగుడ్డును యాడనో ఇడిసిపెట్టొచ్చిండట. అప్పటిసంది ఏ బడి కాడ ఆగినా పిల్లల కాళ్ళ దిక్కే చూసేదట. మన గల్లీకి వచ్చినంక ఆ ఎతుకుడు బందు వెట్టింది."

హెప్సిబాకు ఏడుపు ఆగలేదు. ఆ కాళ్ళు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి దావీదుతో అంది.

"రాహేలును తోల్కరా. వాళ్ళమ్మకు నీళ్ళు పొయ్యాలె."