రెండు జడల బొమ్మ

"రెండు జడలేంది? నా భార్య ఎన్నడన్న రెండు జడలు ఏసుకున్నదా?"

రామచంద్రం గొంతు ఆ చిన్న కేకుల దుకాణమంతా నిండింది.

బల్ల మీద జానెడు బొమ్మ ఉంది. ఫాండెంట్ అనే చక్కెర ముద్దతో చేసింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, నుదుట నిండుగా బొట్టు. ముఖం అచ్చం గంగుబాయిదే. ఫోన్లో ఉన్న మసక ఫొటో చూసి ఇంత బాగా ఎలా చేసిందని ముందు నోరు వెళ్లబెట్టాడు.

జడలు చూశాకే ఒళ్లు మండింది.

"కొప్పు అని చెప్పిన గద బిడ్డా. బడికి పోయే పోరి లెక్క చేస్తివి."

కేకులు చేసే ఆరాధన తలెత్తలేదు.

"తప్పయింది బాపూ. జర కూసో, మారుస్త."

చేతులకు మొక్కజొన్న పిండి అద్దుకుని, మనసొప్పనట్టు నెమ్మదిగా జడలు ఊడదీసింది. నల్ల ముద్దను మళ్లీ పిసికి కొప్పు చుట్టింది.

రామచంద్రం స్టూలు మీద కూలబడ్డాడు.

బొమ్మ పెట్టిన కేకు గంగుబాయి మోజు. టీవీలో చూసినప్పటి నుంచీ ప్రతి పెళ్లిరోజుకీ అడిగేది. "వచ్చే ఏడు సూద్దాం తియ్యి" అని ఇతను మరమగ్గం వైపు తిరిగేవాడు. ఆ వచ్చే ఏడు కంటే ముందే కరోనా వచ్చింది.

పెద్దాసుపత్రి వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. ఆఖరి గడియలో గంగుబాయి దిక్కులేనిదానిలా ఒంటరిగా పోయిందన్న ఈ ఒక్క బాధే అతన్ని ఇన్నేళ్లుగా తినేస్తోంది. ఆసుపత్రి సంగతి ఎవరెత్తినా లేచి వెళ్లిపోతాడు.

"బాపూ, నీకొక మాట చెప్పాలె," ఆరాధన నసిగింది. "గా కరోనప్పుడు ఆసుపత్రిల..."

"గా ముచ్చట తియ్యకు." రామచంద్రం లేచి నిలబడ్డాడు. "డబ్బాల పెట్టియ్యి, పోత."

ఆమె బొమ్మ కదలకుండా కేకును జాగ్రత్తగా డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"గిదే నా ఆఖరి కేకు బాపూ. దుకాణం నడుస్తలేదు. రేపు పొద్దుగాల లక్సెట్టిపేట ఇడిసి పోతున్న."

"మంచిది," అన్నాడతను, ఆమె ముఖం కూడా చూడకుండా.

మర్నాడు సాయంత్రం పెళ్లిరోజుకి వచ్చింది పక్కింటి వందన ఒక్కతే. గంగుబాయి ఉన్న వార్డులోనే, పక్క మంచం మీద నుంచి బతికి బయటపడ్డ మనిషి.

ఇల్లు బావురుమంటోంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని రామచంద్రం బొమ్మ సంగతి ఎత్తుకున్నాడు.

"ముందుగాల దీనికి రెండు జడలేసింది, గా కేకుల పిల్ల. మంచిగ కోపం చేసిన."

వందన చేతిలోని పళ్లెం కింద పెట్టేసింది.

"అన్నా, ఇయ్యాలన్న లేచి పోకు. నన్ను చెప్పనియ్యి."

అతను కదల్లేదు.

"ఊపిరాడాలంటే బోర్ల పండుకోమనేటోళ్లు. కొప్పు ఉంటె మెడ తిప్పరాకపోయేది. ఒక పిల్ల మా అందరికి రెండు జడలేసేది. పై నుంచి కింది దాక ప్లాస్టిక్ బట్టలు, కండ్లు తప్ప మొఖం ఎన్నడు సూడలే. ఆసుపత్రి కొలువు ఇడిసినంక కేకులు చేసుడు నేర్చుకుంటనని మాకు చెప్తుండె."

కేకు కోయబోయిన కత్తిని అతను పక్కన పెట్టాడు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగనిది రామచంద్రం అప్పుడు అడిగాడు.

"గంగు పోయిన్నాడు... నువ్వు సూసినవా?"

వందన కొంగుతో కళ్లొత్తుకుంది.

"వదినె ఒంటరిగ పోలే అన్నా, డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుంట ఆఖరి ఊపిరి దాక ఆమె చెయ్యి పట్టుకొని కూసున్నది గా పిల్లనే."