తొమ్మిదో పట్టీ

"కీ తప్పు సార్!" అంది వడ్రంగి కూతురు, స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడే.

లెక్కల మాస్టారు టిఫిన్ డబ్బాకు మూత పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏ కీ?"

"మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షది సార్. ఇరవై ఏడో ప్రశ్నకి తొమ్మిది అని ఇచ్చారు. నేను ఎనిమిది పెట్టాను. ఎనిమిదే కరెక్టు."

"నీకు ఎన్ని మార్కులు తక్కువయ్యాయి?"

"ఒక్కటి."

"అదీ సంగతి! ఒక్క మార్కు తగ్గిన ప్రతివాళ్ళకీ కీలోనే తప్పు కనిపిస్తుంది."

పక్క బల్ల మీద నోటుబుక్కులు దిద్దుతున్న సైన్సు టీచరు నవ్వాపుకుంది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. అయినా గుమ్మం వదల్లేదు. ఆ ఒక్క మార్కూ వస్తే పై చదువంతా స్కాలర్‌షిప్పే చూసుకుంటుంది. రాకపోతే చదువు ఈ బడితోనే సరి. అభ్యంతరాలు సాయంత్రం ఐదులోపు బోర్డుకు చేరాలి. లెక్కల ఉపాధ్యాయుడి సంతకం ఉంటేనే తీసుకుంటారు. ఈ బడికల్లా ఉన్నది ఒక్కరే లెక్కల మాస్టారు.

"ప్రశ్న చూపిస్తాను సార్," అని సంచీలో చెయ్యి పెట్టింది.

"అక్కర్లేదు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న చెక్క పలక నుంచి నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పట్టీలు అతుకు లేకుండా ఎన్ని కోయవచ్చు? అంతేగా?" మాస్టారు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. "చక్కటి ప్రశ్న. పలక ముప్పై ఆరు చదరపు అడుగులు. పట్టీ నాలుగు. భాగిస్తే ఎంత?"

"తొమ్మిదే సార్. కానీ కోస్తే రావు."

"లెక్కలో వచ్చింది కోతలో ఎందుకు రాదు?"

"మా నాన్న వినగానే ఎనిమిదే అన్నారు సార్. తొమ్మిదోది కావాలంటే ఇంకో చెక్క కొనుక్కోమన్నారు."

"మీ నాన్న రంపంతో కోస్తాడు కదమ్మా. తొమ్మిదోది పొట్టు కింద పోయుంటుంది!"

ఈసారి సైన్సు టీచరు నవ్వు ఆపుకోలేదు. అమ్మాయి మాత్రం సంచీలోంచి గళ్ళ కాగితాల బొత్తి తీసింది. ఒక్కో కాగితంలో అటు ఆరు గళ్ళు, ఇటు ఆరు గళ్ళు. వాటి పక్కనే కత్తెర పెట్టింది.

"కత్తెరకి పొట్టు రాలదు సార్. మీరే కోయండి."

మాస్టారు చొక్కా చేతులు మడిచారు. చుట్టూ నాలుగువైపులా రెండేసి పట్టీలు కోశారు. ఎనిమిదయ్యాయి. నడిమధ్యలో నాలుగు గళ్ళ ముక్క నలుచదరంగా మిగిలింది.

"ఇదేమిటి?"

"అదే సార్ మీ తొమ్మిదోది," అంది అమ్మాయి వినయంగా.

మాస్టారు ఇంకో కాగితం అందుకున్నారు. ఈసారి ముందు ఆరు అడ్డంగా, తర్వాత రెండు నిలువుగా కోశారు. చదరం ముక్క మధ్యలోంచి లేచి మూలకు పోయి కూర్చుంది. మూడో కాగితం. నాలుగోది. ఫ్యాను గాలికి పట్టీలు గదంతా ఎగురుతున్నాయి. సైన్సు టీచరు ఎర్ర పెన్ను పక్కన పడేసి తనూ ఒక కత్తెర పట్టింది. మూడు గంటలకు మాస్టారు కుర్చీ దిగి నేల మీద బాసింపట్టు వేసుకున్నారు. పిల్లలు కిటికీలోంచి తొంగిచూస్తే, "పోండర్రా, ఆడుకోండి!" అని కసిరారు.

నాలుగైంది. అమ్మాయి గోడ గడియారం వంక, గుమ్మం వంక మార్చి మార్చి చూస్తోంది. బోర్డు ఆఫీసుకు సైకిల్ మీద పావుగంట.

ఉన్నట్టుండి మాస్టారు కత్తెర వదిలేసి రంగు పెన్సిలు అడిగారు. ఒక కాగితం మీద నాలుగేసి గళ్ళను ఒక చదరంగా తీసుకుని, చదరం విడిచి చదరానికి రంగు వేశారు. వేలు పెట్టి లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఒక పట్టీ తీసి కాగితం మీద అటూ ఇటూ జరిపారు.

"ఎక్కడ పెట్టినా పట్టీ కింద రెండు రంగు గళ్ళు, రెండు తెల్లవి పడుతున్నాయి," అన్నారు తనలో తను. "అంటే తొమ్మిది పట్టీలకి పద్దెనిమిది, పద్దెనిమిది కావాలి. ఇక్కడున్నవి ఇరవై, పదహారు..." మోకాలి నొప్పి సంగతే మరిచిపోయి గభాల్న లేచారు. "రాదు! తొమ్మిది ఎప్పటికీ రాదు! బ్రహ్మదేవుడు కోసినా ఎనిమిదే!"

ఆయన ముఖం చేటంతయింది. అమ్మాయి భుజం పట్టుకుని ఊపేశారు.

"ఓడిపోయి ఇంత సంబరపడేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు మాస్టారూ," అంది సైన్సు టీచరు, జుట్టులో ఇరుక్కున్న పట్టీ తీసుకుంటూ.

అమ్మాయి గబగబా అభ్యంతరాల ఫారం ముందు పెట్టింది. "ఇక్కడ సంతకం సార్."

మాస్టారు సంతకం చేశారు. కానీ ఫారం తిరిగి ఇవ్వలేదు. "ఇదొక్కటీ చాలదు," అన్నారు.

అమ్మాయి గడియారం వైపు చెయ్యి చూపింది. "ఇంకేం కావాలి సార్? నాలుగున్నర అవుతోంది!"

ఆయన తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ఒక చోట ఆగి, తల గోక్కుని, నవ్వుకుని, మళ్ళీ రాశారు. సిరా ఆరేలా ఊదుతూ కాగితం ఆమె చేతికిచ్చారు.

"గట్టిగా చదువు. తప్పులుంటే చెప్పు. నీకది బాగా అలవాటేగా!"

అమ్మాయి చదివింది.

"పరీక్షల బోర్డు అధికారులకు. ఇరవై ఏడో ప్రశ్నకు సరైన జవాబు ఎనిమిది. అది మా బడిలో చదివే అమ్మాయి నాచేతే కోయించి చూపించింది. కాబట్టి కీని సరిచేసి, ఎనిమిది అని పెట్టిన ప్రతి ఒక్కరికీ మార్కు కలపవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, సదరు ప్రశ్నను, దాని జవాబును తయారుచేసి మీకు పంపిన లెక్కల మాస్టారు."