చెయ్యెత్తని అంజనమ్మ

“ఏకగ్రీవం కాకపోతే ఠరావు ఎందుకూ పనికిరాదు అయ్యగారూ,” అన్నాడు నంజప్ప, ఎత్తిన చెయ్యి దించకుండానే.

పాస్టరు పురుషోత్తమ్ కళ్ళద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. సాయంత్రం బాగేపల్లిలో ప్రార్థన కూటం ఉంది. వెళ్ళాల్సిన బస్సు ఒకటి అప్పుడే వెళ్ళిపోయింది. చింతామణిలోని ఆ చిన్న చర్చికి కమిటీ అంటే ముగ్గురే. తను, కార్యదర్శి నంజప్ప, స్త్రీల సమాజం తరఫున అంజనమ్మ. ఇద్దరి చేతులు ఎప్పుడో లేచాయి. మూడో చెయ్యి మాత్రం తీరిగ్గా ఒబ్బట్ల డబ్బా మూత తీస్తోంది.

“తినండప్పా. మొన్న ఆదివారం చేసినవే, ఇంకా మెత్తగా ఉండాయి.”

“పుట్టినరోజువా?” నంజప్ప చెయ్యి దించి ఒక ఒబ్బట్టు అందుకున్నాడు. “ఇంతకీ ఎన్నేళ్ళు నిండినాయమ్మా?”

“ముప్పై,” అంది అంజనమ్మ.

నెరిసిన ఆ తలను చూసి, అంత విసుగులోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వయ్యాక విసుగు రెట్టింపైంది.

గొడవంతా నంజప్ప కూతురు శృతి గురించి. చిన్నప్పటినుంచి ఈ చర్చిలోనే పాటలు పాడిన పిల్ల. బెంగళూరులో గార్గి అనే అమ్మాయితో కాపురం పెట్టింది. వచ్చే ఆదివారం ఇద్దరూ వచ్చి పీఠం ముందు మోకరిల్లుతారట, పాస్టరు దీవించాలట. కాదంటే మళ్ళీ ఈ ఊళ్ళో అడుగుపెట్టనని తండ్రికి ఫోనులోనే చెప్పేసింది. ఆ ఫోను పెట్టినప్పటినుంచి నంజప్పకు అన్నం సయించడం లేదు. అయినా పట్టు వదలడు. ఠరావు రాసింది కూడా అతనే.

“ఇంకొకసారి చదువుతా, వినమ్మా. ‘ఈ చర్చి కట్టినప్పటినుంచి ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళిని ఎన్నడూ దీవించలేదు. కాబట్టి ఇక మీదట కూడా దీవించేది లేదు.’ ఇందులో నీకు అర్థం కానిది ఏముండాది?”

“ఆ ‘ఎన్నడూ’ అనేది తీసెయ్యప్పా.”

“అది తీసేస్తే ఇంకేముండాది?” నంజప్ప గొంతు లేచింది. “ఆచారం లేదు కాబట్టే వద్దంటాండా. ఒక్కసారి జరిగుంటే నేను నోరెత్తను. నా బిడ్డ పక్కన నేనే పోయి నిలబడతా. జరగలేదే! నన్నేం చెయ్యమంటావు?”

ముఖం పక్కకు తిప్పుకుని ఒబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

పురుషోత్తమ్ కల్పించుకున్నాడు. “నా అవస్థ కూడా చూడమ్మా. పెళ్ళి క్రమం పుస్తకంలో ‘ఈ పురుషుడు, ఈ స్త్రీ’ అని అచ్చేసి ఉండాది. దాన్ని నేను ఎట్ల తిప్పి చదివేది?”

“అది పెళ్ళికి కదా. ఆదివారం అందర్నీ ముందుకు పిలిచి చదువుతారే, దాంట్లో కూడా అట్లే ఉండాదా?”

పురుషోత్తమ్ పళ్ళు నూరుకున్నాడు. ఆరాధన చివర, ఆ వారం పుట్టినరోజో పెళ్ళిరోజో ఉన్నవాళ్ళు పీఠం ముందుకొచ్చి మోకరిల్లడం అక్కడి అలవాటు. ఎవరిది ఏ రోజని అడుగుతూ కూర్చుంటే భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని తలల మీద చేతులుంచి అందరికీ ఒకటే ప్రార్థన చేసేస్తాడు. అంజనమ్మ కూడా ఏటా ఈ వారంలోనే అలా ముందుకొస్తుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆ పక్కనే మునిలక్ష్మమ్మ కూడా మోకరిల్లి, ప్రార్థన అయ్యాక చెయ్యి పట్టుకుని లేపుతుంది. ఇద్దరూ కెంచార్లహళ్ళి నుంచి వచ్చి మార్కెట్టు దగ్గర పూలకొట్టు పెట్టుకున్నవాళ్ళు. అక్కచెల్లెళ్ళని కొందరు, వదినామరదళ్ళని కొందరు అనుకుంటారు.

“‘వీరు ఏ దినాన్ని తలచుకొని వచ్చారో ఆ దినాన్ని దీవించు తండ్రీ’ అంటా, అంతే. దాంట్లో పురుషుడూ లేడు, స్త్రీ లేదు. ఇప్పుడు ఆ సంగతి ఎందుకమ్మా?”

“ఊరికే అడిగినాలే. పాస్టరుకు తెలియకుండా ఇచ్చేసిన దీవెన చెల్లుతాదా?”

పురుషోత్తమ్ ఓపిక అయిపోయింది. “చెల్లుతాది తల్లీ, చెల్లుతాది! బైబిల్లో చూపు లేని తండ్రి పెద్దోడనుకుని చిన్నోణ్ణి దీవించె. అది ఎనక్కొచ్చిందా? దీవెన నా సొత్తు కాదు, ఇస్తే ఇచ్చినట్టే. అయిపోయిందా? ఇంక చెయ్యెత్తు!”

కిటికీ అవతలినుంచి మునిలక్ష్మమ్మ తొంగి చూసింది. ఇది ఎన్నోసారో! చేతిలో నీళ్ళ సీసా, మాత్రల అట్ట.

“అంజనా, ఇంకా కాలేదా? బీపీ మాత్ర ఏసుకోవాల నువ్వు.”

“వస్తాండా. ఆ నీడలో కూర్చో, ఎండకు నిలబడొద్దు.”

“ఆమె పోరొకటి మధ్యలో,” అని విసుక్కున్నాడు నంజప్ప. “ఇంత పొద్దు తినేస్తివి కదమ్మా! చెయ్యి ఎత్తకపోతే మానె, ఎందుకు ఎత్తవో అదన్నా చెప్పు.”

“అబద్ధం మీద చెయ్యెత్తి, మళ్ళా ఏ మొగంతో పీఠం ముందుకు పోయేదప్పా?”

“ఏది అబద్ధం?” ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

అంజనమ్మ డబ్బాకు మూత పెట్టింది. కొంగు భుజం మీదికి లాక్కుని, కిటికీ వైపు ఒకసారి చూసి, లేచి నిలబడింది.

“ఆదివారం మాది పుట్టినరోజు కాదప్పా, పెళ్ళిరోజు.”