బోర్లించిన కాగు

కాలేజీ సెలవులకు అమెరికా దక్షిణాదిన జార్జియాలోని అమ్మమ్మ ఇంటికి వచ్చాను. దీపం ఆర్పే ముందు ఆమె బట్టలు ఉడకబెట్టే ఇనప కాగును ఈడ్చుకొచ్చి గుమ్మంలో బోర్లించి, అంచు కింద చిన్న రాయి పెట్టింది.

బానిసలుగా ఉన్న రోజుల్లో మావాళ్లు ఇలాగే కాగు బోర్లించి దొంగచాటుగా ప్రార్థన చేసుకునేవారు. గొంతులను కాగు మింగేస్తుందని, దొర చెవిన పడవని నమ్మకం.

"యుద్ధం అయిపోయి ఇరవై ఏళ్లయింది అమ్మమ్మా. ఉత్తరాదివాళ్లు గెలిచారు, మనకు విడుదలొచ్చింది. ఇంకా ఏ దొర వింటాడని?"

"ఓసి చదువుల తల్లీ, దొర కోసమటే ఇది? మీ మామయ్య కోసం."

ఎనోక్ మామయ్య చివరిసారి ఈ కాగు దగ్గరే ప్రార్థించి, ఉత్తరాది సైన్యంలో చేరడానికి పారిపోయాడట. బతికున్నాడో లేడో ఎవరూ కబురు తేలేదు. నేనప్పటికి పుట్టలేదు.

"వాడి గొంతు అందులోనే ఉంది. ఎక్కడికి పోతుంది?" అంటూ అమ్మమ్మ నడుం వాల్చింది.

నాకు నిద్ర పట్టలేదు. బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాగు లోపల ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. గాలేమో అనుకుని లేచి వెళ్లి, వంగి అంచుకు చెవి ఆనించాను. ఇనుము వెచ్చగా ఉంది. రాగం ఆగింది.

"అమ్మా," అంది లోపలి నుంచి ఒక కుర్ర గొంతు. "ఈ పిల్ల ఎవరు?"

చటుక్కున తల ఎత్తాను. వెనక మంచం మీద అమ్మమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది.

"నీ మేనకోడలురా నాయనా. మనింట్లో మొదట చదువుకున్న పిల్ల. దాన్ని భయపెట్టకు."