ఆయన పేరు

కరీమాబీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే, జెస్సీ చూపించిన ఉర్దూ పుస్తకాల మీద పేర్లు చదివి పెడుతోంది. తెనాలి లైబ్రరీ కేటలాగులో రచయితల పేర్లను తెలుగులో ఎక్కించడం జెస్సీ పని. ఉర్దూ రాని ఆమెకు, ఇంటి ఓనరు కరీమాబీ గొంతే ఆధారం.

చివరి పుస్తకం దగ్గర ముసలామె ఆగిపోయింది.

"ఇది మా ఆయన రాసిందమ్మాయ్."

రేపల్లె రేవులో పడవెక్కిన ఆయన మళ్లీ తిరిగి రాలేదని జెస్సీ విని ఉంది.

"పేరు చెప్పండి, అమ్మమ్మా."

"మొగుడి పేరు నోటితో అంటారా ఎక్కడైనా? కాపురం చేసినన్నాళ్లూ అనలేదు."

"మా అమ్మయితే మా నాన్నను రోజూ పేరు పెట్టే తిడుతుందండి. పేరెక్కించకపోతే ఆయన పుస్తకం ఎవరికీ దొరకదు."

కరీమాబీ నవ్వలేదు. చాలాసేపు అట్టను నిమిరింది. తర్వాత, నిద్రపోతున్న మనిషిని లేపుతున్నంత మెల్లగా అంది.

"అబూబకర్."

వీధిలో కుక్కలు ఒక్కసారిగా మొరగడం మానేశాయి. వాన లేదు, అయినా గుమ్మం బయట నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు. ఆ వెంటే ఒక మగ గొంతు.

"ఇన్నాళ్లకు పిలవబుద్ధయిందా?"

జెస్సీ గడియ వేయడానికి లేచేలోపే, కరీమాబీ తల నిండా కొంగు కప్పుకుని గడప దాటింది.